పాలసొర

ప్రణతి గుమ్మం దాటి మూడో అడుగు వేయగానే పిల్లాడి పొట్ట కదలడం ఆగిపోయింది.

కమల కూతురి జబ్బ పట్టుకుని పక్కనే నడుస్తోంది. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, ఆసరా లేకపోతే ప్రణతి నడుము నిలవదు. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. ఉయ్యాలలో పన్నెండు రోజుల పిల్లాడు పిడికిళ్లు బిగించుకుని, కళ్లు మూసుకుని, కొట్లో బొమ్మలా ఉన్నాడు. కమల మనసులోనే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ప్రణతి గిరుక్కున వెనక్కి తిరిగింది. పడిపోతుందేమోనని కమల కూడా ఆమెతో పాటే గది బయటికి వచ్చేసింది. గుమ్మం అవతలి నుంచి తొంగి చూస్తే, పసుపు రంగు చొక్కా కింద పొట్ట మళ్లీ లేస్తూ, దిగుతూ ఉంది.

"చూశావా?" అంది ప్రణతి.

"ఏం చూడను? పసివాళ్లు అలాగే ఆగి ఆగి ఊపిరి తీస్తారని డాక్టరమ్మ చెప్పలేదూ? నువ్వు పుట్టినప్పుడు నీ ముక్కు దగ్గర దూదిపింజ పెట్టి చూసేదాన్ని నేను."

"ఆగడం కాదమ్మా. నేను వెళ్తేనే ఆగుతున్నాడు."

ఆ మాట ఆమె ఏడుస్తూ అని ఉంటే కమలకు ఇంత భయం వేసేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అంది.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి అది ఏడో రోజు. గ్రేటర్ నోయిడాలో పదిహేడో అంతస్తు. డిసెంబరు మొదలైనప్పటి నుంచి కిటికీల అవతల ఏమీ లేదు. పగలు పన్నెండు గంటలకు కూడా అద్దాలకు తెల్లటి గుడ్డ కట్టినట్టు పొగమంచు. ఎదురు టవర్లో ఎవరో లైటు వేస్తే ఆ వెలుగు ఎక్కడో నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించేది. తలుపులన్నీ బిగించి, మూలన గాలి శుభ్రం చేసే మెషీను పెట్టుకుని, దాని నీలం లైటు చూసుకుంటూ బతుకుతున్నారు. కాకినాడ నుంచి వచ్చిన కమలకు, ఇంత పెద్ద ఊళ్లో ఒక్క మనిషి గొంతూ వినిపించకపోవడం వింతగా ఉంది.

ఆమె రైలు పొగమంచు వల్ల పదకొండు గంటలు ఆలస్యంగా వచ్చింది. తిన్నగా ఆస్పత్రికే వెళ్లి, కూతుర్నీ మనవణ్ణీ ఇంటికి తెచ్చుకుంది. ఆస్పత్రిలో ఉన్న అయిదు రోజులూ పిల్లాడు తల్లి దగ్గర బాగానే తాగాడట. అల్లుడు సుధీంద్ర చెప్పాడు. ఇంటికి వచ్చిన సాయంత్రం నుంచే ఇదంతా. మొదటిసారి పక్కన పడుకోబెట్టినప్పుడు పిల్లాడు రొమ్ము పట్టలేదు. కదలకుండా ఉండిపోయాడు. ప్రణతి వాడి ఛాతీ మీద చెయ్యి వేసి చూసి, కెవ్వుమని అరిచింది. అప్పటి నుంచి వాణ్ణి ముట్టుకోలేదు. పాలు కూడా రోజురోజుకూ తగ్గిపోయాయి.

డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. ఒకటి, బిడ్డ బరువు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు, ఇప్పుడు రెండున్నర. మంగళవారానికి పెరగకపోతే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాలి. రెండోది సుధీంద్రనీ కమలనీ పక్కకు పిలిచి చెప్పింది. కొత్త తల్లుల్లో కొందరికి మనసు ఇలా అవుతుంది, మంగళవారం మనసు డాక్టరుకు కూడా చూపిద్దాం, అందాకా ఆమెను బిడ్డ దగ్గర ఒంటరిగా వదలకండి.

కమల వదల్లేదు. ప్రణతి మంచినీళ్లకు లేచినా వెనకే లేచింది. రాత్రిళ్లు పిల్లాడు తండ్రి దగ్గర, ప్రణతి తల్లి దగ్గర. పగలంతా పిల్లాడికి డబ్బా పాలు ఉగ్గుగిన్నెతో పట్టడం కమల పని. సుధీంద్ర పొద్దున ఆఫీసు క్యాబ్ ఎక్కేముందు పట్టిస్తే అరవై ఎమ్మెల్ తాగేవాడు. కమల చేతిలో ఇరవై. పాలు చల్లారిపోతున్నాయేమోనని ఆమె గిన్నె కింద వేడినీళ్లు పెట్టి చూసింది. అయినా ఇరవయ్యే. కాకపోతే ఒకటి, ఎంత ఏడుస్తున్నా ఆమె ఎత్తుకోగానే నోరు మూసేవాడు.

"నా చేతిలో పడితే చాలు, గప్‌చుప్. అమ్మమ్మంటే ఏవనుకున్నావు మరి," అని అల్లుడి దగ్గర గొప్పలు కూడా చెప్పుకుంది.

ప్రణతి కాకినాడలో డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో సముద్ర జీవుల చదువు చదివింది. ఇప్పుడు నోయిడాలో పిల్లల సైన్సు వీడియోలకు స్క్రిప్టులు రాసే ఆఫీసులో పని. కడుపుతో ఉన్నప్పుడు చివరగా సొరచేపల మీద పది వీడియోలకు రాసింది. ఇప్పుడు నోరు విప్పితే అవే. భోజనం పళ్లెం ముందు పెడితే, ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, "ఉత్తర సముద్రంలో ఒక సొర నాలుగు వందల ఏళ్లు బతుకుతుందమ్మా. నూటయాభై ఏళ్లు వచ్చాక గానీ పిల్లల్ని కనదు," అనేది. ఇంకోసారి, "ఒక రకం ఉంది. దాని కడుపులో పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి. చివరికి ఒకటో రెండో మిగిలి పుడతాయి," అంది.

"బాలింతవి, అన్నం తింటూ ఆ మాటలేవిటే?"

"ఇంకొకటి గుడ్డులో ఉంటుంది."

ఆ గుడ్డు సంగతే ఆమె మళ్లీ మళ్లీ చెప్పింది. వెదురు సొర అని చిన్నది. తోలుసంచీ లాంటి గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. లోపల పిల్ల నెలల తరబడి ఒంటరిగా పెరుగుతుంది. దాన్ని తినే పెద్ద చేప దగ్గరికి వస్తే పారిపోవడానికి వీల్లేదు కదా, అందుకని ఊపిరి ఆపేస్తుంది. మొప్పలు కదపదు, తోక చుట్టేసుకుంటుంది. దగ్గరికి వచ్చింది వెళ్లిపోయేదాకా అలాగే.

"విశాఖలో మా ల్యాబులో ఆ గుడ్లు ఉండేవి. వెనక లైటు పెడితే లోపలి పిల్ల కనిపించేది. తొట్టిలో రెండు వైర్లు పెట్టి కొంచెం కరెంటు ఇస్తే, పెద్ద చేప వచ్చిందనుకునేది. నేనే బటన్ నొక్కేదాన్ని. నొక్కిన ప్రతిసారీ ఆగిపోయేది. ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకునేదాన్ని."

"అయితే ఏవిటి?"

"వీడూ అలాగే ఆగుతున్నాడు. నేనేంటో వీడికి తెలిసిపోయింది."

కమల పళ్లెం తీసి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పింది.

కమలకు తెలిసిన వైద్యం ఒకటే ఉంది. వాళ్ల వైపు పాలు పడని బాలింతకు పాలసొర పెడతారు. మూరెడు, రెండు మూరల పొడవుండే చిన్న సొర. ఉడకబెట్టి, ఇసుకలా గరుగ్గా ఉండే తోలు ఒలిచి, కండను పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి, మిరియాలు వేసి వేయిస్తే పిట్టు అవుతుంది. మూడు పూటలు తింటే పాలు పొంగుతాయి. పాలు పొంగితే పిల్లాడు పట్టుకుంటాడు, పిల్లాడు పట్టుకుంటే దీని పిచ్చి మాటలు పోతాయి అని ఆమె లెక్క.

అదే టవర్లో తొమ్మిదో అంతస్తులో ఉండే సరోజిని గారు ధైర్యం చెప్పింది. ఆమె భర్త కేంద్ర ప్రభుత్వంలో చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు ఆర్.కె.పురం క్వార్టర్లలో ఉండి వచ్చిన మనిషి.

"ఢిల్లీ ఐఎన్ఏ మార్కెట్లో దొరకని చేప లేదండీ. ఆదివారం మీ అల్లుడు ఇంట్లో ఉంటాడుగా, మెట్రోలో వెళ్లొద్దాం రండి."

మెట్రో స్టేషన్లో తనిఖీ దగ్గర అందరూ చట్రంలోంచి దూరి వెళ్తున్నారు. కమల పక్కకు జరిగి, పర్సులోంచి కార్డు తీసి, పోలీసమ్మాయికి చూపించింది. రెండేళ్ల కిందట ఎడమ భుజం ఎముక కింద పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టె అంత ఉబ్బుగా చేతికి తగులుతుంది. ఆమె దాన్ని బ్యాటరీ అంటుంది.

"మెషీన్ నహీ. హార్ట్," అంది తన హిందీలో.

"ఠీక్ హై ఆంటీ," అని ఆ పిల్ల చేత్తో తడిమి పంపేసింది.

మార్కెట్లో చేపల వాడికి పాలసొర అంటే ఎలా చెప్పాలో తెలియక కమల, "దూధ్ మచ్ఛీ, భయ్యా, దూధ్," అంది.

"దూధ్ ఉధర్, మాజీ. మదర్ డెయిరీ," అని వాడు కత్తితో రోడ్డు చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

సరోజిని గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "షార్క్, షార్క్. ఛోటా వాలా," అంది. అప్పుడు వాడు ఐసు గంపలోంచి బూడిద రంగు చేపలు రెండు తీసి పలక మీద పడేశాడు. కమల ఒకదాన్ని చేత్తో ఎత్తి చూసింది. రెండోది బరువుగా ఉంది, పొట్ట నిండుగా ఉంది. బాలింతకు కండ పట్టింది పెట్టాలి కదా అని అదే తీసుకుంది. కోసిస్తానంటే వద్దంది. పాలసొరను ఇంట్లో తన చేత్తోనే కొయ్యాలి, వాళ్లమ్మ అలాగే చేసేది.

ఇంటికి వచ్చేసరికి సుధీంద్ర ఎదురొచ్చాడు. "అత్తయ్యగారూ, ఇవాళ మూడుసార్లూ అరవై తాగేశాడు వీడు. గుండ్రాయిలా పడుకున్నాడు."

"ప్రణతి వాడి దగ్గరికి వెళ్లిందా?"

"లేదండీ. గదిలోంచి రానేలేదు."

సాయంత్రం కాకినాడ నుంచి భర్త భీమేశ్వరరావు ఫోన్ చేశాడు. "నీ బ్యాటరీ చెకప్పు ఇరవయ్యో తారీఖు. మర్చిపోకు. ఫోన్ కుడి చెవి దగ్గరే పెట్టుకున్నావా?"

"కుడి చెవే లెండి," అంది కమల, ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చుకుంటూ.

సోమవారం సుధీంద్ర క్యాబ్ ఎక్కాక, ప్రణతి నిద్రపోతుండగా, ఆమె వంటింట్లో కింద పేపరు పరిచి, కత్తి తీసుకుని కూర్చుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే సొర కంపు ఇల్లంతా కొట్టింది. హాల్లో మూలనున్న మెషీను దానంతటదే గుర్రుమంటూ వేగం పెంచింది. నీలం లైటు ఎర్రగా మారింది.

మొప్పల కింది నుంచి తోక వైపు కత్తి దింపింది. పొట్ట మెత్తగా విచ్చుకుంది. పేగులు వస్తాయనుకున్న చోట చిన్న తల బయటికి జారింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. మూడు పిల్లలు, జానెడేసి. ముక్కు, కళ్లు, రెక్కలు, అన్నీ ఉన్నాయి. గొంతు కింద నుంచి ఒక్కోదానికీ తాడు, ఆ తాడు చివర తల్లి కడుపుకు అతుక్కుని.

బొడ్డుతాడు. చేపకు బొడ్డుతాడు.

కమల చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. సొర కోసిన చేతులే అవి, చిన్నప్పటి నుంచి ఎన్నో కోసింది. కానీ కడుపుతో ఉన్నదాన్ని బాలింత ఉన్న ఇంట్లో కోసింది. ఎవరూ చూడకముందే కవర్లో చుట్టేయాలని లేవబోతుంటే వెనక అలికిడైంది. ప్రణతి గోడ పట్టుకుని, గడప దగ్గర నిలబడి ఉంది.

"లోపలికి రాకే. కంపు."

"యూరియా అమ్మా అది. సముద్రం ఉప్పు వాటి ఒంట్లో నీరు లాగేయకుండా యూరియాను దాచుకుంటాయి. చచ్చాక అదే కంపు కొడుతుంది." ఆమె మెల్లగా వచ్చి పేపరు పక్కన స్టూలు మీద కూర్చుంది. తాను వచ్చాక మొదటిసారి ఆమె ముఖంలో కళ్లు ఎక్కడున్నాయో కమలకు తెలిసింది. "కొన్ని సొరలకు మనలాగే మాయ ఉంటుంది. బొడ్డు ఉంటుంది. పుట్టాక మచ్చ కూడా ఉంటుంది కొన్నాళ్లు."

"తప్పైపోయిందే తల్లీ. బరువుగా ఉందని ఏరి మరీ తెచ్చాను."

ప్రణతి ఆ మాట విననట్టు పెద్ద చేప తల తన వైపు తిప్పుకుంది. ముక్కు కింద చర్మం మీద సూదితో పొడిచినట్టు వందల కొద్దీ చుక్కలు. బొటనవేలితో నొక్కింది. చుక్కల్లోంచి గంజిలా జిగురు వచ్చింది.

"ఇవి చూడు. చీకట్లో, బురదలో, ఇసుక కింద దాక్కున్న చేప కూడా వీటికి దొరికిపోతుంది."

"వాసన పట్టా?"

"కాదు. కదలకుండా ఉన్నా గుండె కొట్టుకోవాలి కదా. గుండె కొట్టుకుంటే కొంచెం కరెంటు పుడుతుంది. చాలా చాలా కొంచెం. అది తెలుస్తుంది వీటికి." ఆమె ఒక పిల్లను చేతిలోకి తీసుకుంది. దాని ముక్కు కింద కూడా అవే చుక్కలు, ఇంకా సన్నగా. "చూశావా, వీటికీ ఉన్నాయి. పుట్టకముందే. ఎవరు దగ్గరికి వస్తున్నారో పుట్టకముందే తెలుస్తుంది."

"గుండె కరెంటు కూడానా?"

"గుండె కరెంటే. మేం ల్యాబులో ఇచ్చిందీ అలాంటిదే. ఆగి ఆగి, చిన్న చిన్న దెబ్బల్లాగా."

కమల చేపరక్తం అంటిన చెయ్యి, తనకు తెలియకుండానే, ఎడమ భుజం కిందికి వెళ్లింది. జాకెట్టు మీద మరక పడింది. ప్రణతి చూడలేదు. ఆమె ఆ పిల్లనే చూస్తోంది.

"నీ ఒళ్లంతా కంపు కొడుతోంది. వెళ్లి వేడినీళ్లతో స్నానం చెయ్యి," అంది కమల. గొంతు మామూలుగానే వచ్చింది.

బాత్రూంలో నీళ్ల చప్పుడు మొదలయ్యాక ఆమె చేతులు కడుక్కుంది. పిల్లల్ని చెత్తబుట్టలో వెయ్యడానికి మనసు రాలేదు. స్టీలు గిన్నెలో పెట్టి, నీళ్లు పోసి, బాల్కనీలో ఒక మూల ఉంచింది. తర్వాత పిల్లాడి గది గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

పిల్లాడి పొట్ట కదులుతోంది. గచ్చు పలకల్లో ఒకటో పలక మీద అడుగు వేసింది. కదులుతోంది. రెండో పలక. కదులుతోంది. మూడో పలక మీద కాలు పెట్టి, ఒళ్లు ముందుకు వంచింది.

ఆగిపోయింది.

ఆమె వెనక్కి జరిగింది. రెండో పలక. పొట్ట లేచింది.

అనుకోకుండా జరిగి ఉంటుందని మళ్లీ వెళ్లింది. ఆగింది. వెనక్కి వచ్చింది. లేచింది. వంటింట్లోకి వెళ్లి అన్నం గిన్నె మీది స్టీలు మూత తెచ్చుకుని, ఎడమ ఛాతీ మీద అడ్డం పెట్టుకుని నడిచింది. తను చేస్తున్నది ఎవరైనా చూస్తే ఎవరిని మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారో అనుకుంది. మూడో పలక. ఆగింది. మూత వల్ల ఏమీ తేడా రాలేదు.

ఈసారి ఆమె వెంటనే వెనక్కి రాలేదు. వాడి ముఖం చూసింది. నిద్రపోతున్న ముఖం కాదది. కనురెప్పలు బిగిసి ఉన్నాయి. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ఉన్నదాంట్లో ఎంత చిన్నగా అవ్వగలడో అంత చిన్నగా అయ్యాడు. నా చేతిలో పడితే చాలు, గప్‌చుప్. వారం రోజులు వాణ్ణి రోజుకు ఆరేడుసార్లు ఈ భుజానికే ఆనించుకుంది. ఎడమ భుజానికే. జోకొట్టింది.

గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చుంది. మెషీను ఇంకా ఎర్రగానే ఉంది.

ఆస్పత్రిలో అయిదు రోజులు తాను లేదు. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాను లేదు. ప్రణతి వాడి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ జబ్బ పట్టుకుని తాను పక్కనే ఉంది. ఒక్కసారి కూడా దాన్ని ఒంటరిగా వెళ్లనివ్వలేదు.

ఇప్పుడు వెళ్లనివ్వాలి. వదలవద్దని డాక్టరమ్మ చెప్పింది. వదలనని సుధీంద్రకు తాను చెప్పింది. తాను అనుకున్నది తప్పైతే? పదిహేడో అంతస్తులో, మనసు సరిగా లేని పిల్లను, చంటివాడి దగ్గర వదిలినట్టు అవుతుంది. ఒప్పైతే, రేపు తూకంలో తన వల్లే ఆ అంకె తగ్గినట్టు.

ప్రణతి తల తుడుచుకుంటూ వచ్చింది. కమల చెప్పింది. ఎక్కువ మాటలు లేకుండా, పలకల సంగతి, మూత సంగతి కూడా చెప్పింది.

ప్రణతి చాలాసేపు తల్లి జాకెట్టు మీది మరక వైపు చూసింది. "అమ్మా, మనుషులకు ఆ చుక్కలు ఉండవు. మనకి అలాంటి ఇంద్రియమే లేదు. అసలు గాల్లో అది పనే చెయ్యదు, నీళ్లు ఉండాలి."

"మరి వారం నుంచి నువ్వు నాకు చెబుతున్నది ఎవరి గురించే? చేపల గురించేనా?"

ప్రణతి తువ్వాలు భుజం మీద వేసుకుంది.

"నువ్వు కాదే. నేను. ఒక్కసారి వెళ్లి చూడు. నేను బాల్కనీలో ఉంటాను. తలుపు వేసేస్తాను."

"నన్ను ఒంటరిగా వదలొద్దన్నారు కదా. నాకు వినపడింది ఆవేళ."

కమల శాలువా అందుకుంది. "అన్నారు," అంది.

"అయినా వదుల్తావా?"

"ఊఁ."

ఆమె శాలువా కప్పుకుని బాల్కనీలోకి వెళ్లి, అద్దం తలుపు జరిపి వేసేసింది. చలి ముఖానికి తడిగుడ్డలా తగిలింది. వెనక రెయిలింగ్ అవతల ఊరు లేదు, నేల లేదు, తెల్లగా పొగమంచు. ముందు అద్దంలోంచి హాలు, హాలు దాటి చిన్న గది గుమ్మం, గుమ్మంలోంచి సగం ఉయ్యాల కనిపిస్తున్నాయి.

ప్రణతి సోఫా పట్టుకుని లేచింది. ఒక చెయ్యి కుట్ల మీద, ఒక చెయ్యి గోడ మీద. తాను పక్కన లేకుండా కూతురు నడవడం కమల చూడటం అదే మొదలు. గుమ్మం దగ్గర ఆగింది. ఒకటో పలక. రెండో పలక. అక్కడ వెనక్కి తిరిగి బాల్కనీ వైపు చూసింది. కమల రెండు చేతులూ శాలువాలో దాచుకుని రెయిలింగ్‌కు ఆనుకుంది, ఇంకా దూరం జరగడానికి చోటు లేదు.

మూడో పలక. ప్రణతి వంగింది. ఆమె వీపు అడ్డం వచ్చి ఉయ్యాల కనిపించలేదు.

పిల్లాడు ఏడ్చాడు. ఈ వారంలో పగటిపూట వాడు అంత గట్టిగా ఏడవడం ఎప్పుడూ లేదు. ఆ ఏడుపు అద్దం దాటి, చలి దాటి కమలకు వినిపించింది. అంతలోనే, గొంతు మీద చెయ్యి వేసినట్టు, ఠక్కున ఆగిపోయింది.

కమల ఒక అడుగు ముందుకు వేసింది. తలుపు పిడి మీద చెయ్యి పడింది. లోపలికి పరిగెత్తాలి. పరిగెత్తితే, అది నిజమైతే, మూడో పలక దాటగానే వాడు మళ్లీ ఊపిరి బిగబడతాడు. పరిగెత్తకపోతే, నిజం కాకపోతే. అద్దం మీద తన ఊపిరి ఆవిరి పట్టడం లేదని అప్పుడు చూసింది. తనూ ఊపిరి తీయడం లేదు. ఎంతసేపటి నుంచో.

లోపల ప్రణతి మెల్లగా, గోడకు వీపు జార్చుకుంటూ, నేల మీద కూర్చుంటోంది. ఒళ్లో తెల్లటి మూట. తువ్వాలు ఒక పక్కకు లాగి ఉంది. ఆమె తల వంచి కిందికి చూస్తోంది. మూటలోంచి ఒక పాదం బయటికి వచ్చి ఉంది. బొటనవేలంత పాదం. అది ఆగకుండా కొట్టుకుంటోంది, ఇటూ అటూ, ఇటూ అటూ, నీళ్లలో తోక కదిలినట్టు.

కమల గట్టిగా ఊపిరి పీల్చింది. పొగ వాసన, మంచు వాసన ఒక్కసారిగా లోపలికి వెళ్లి దగ్గు వచ్చింది. కన్నీళ్లు దగ్గు వల్లో దేనివల్లో. చూడాలని తలుపు జానెడు జరిపింది. పిల్లాడి గుటకలు వినిపిస్తున్నాయేమో అనుకుంది. గదిలోంచి కూతురు తలెత్తింది. ఆ ముఖంలో కోపం లేదు. పిల్లాడి తల కింద చెయ్యి అలాగే ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి, అరచెయ్యి ఇటు తిప్పి పట్టుకుంది.

రావద్దు.

కమల తలుపు మళ్లీ వేసేసింది. రేపు వాణ్ణి తూకం వేయడానికి తాను వెళ్లకూడదు. సరోజిని గారిని రమ్మనాలి. తర్వాత కాకినాడ టిక్కెట్టు చూడమని సుధీంద్రకు చెప్పాలి, బ్యాటరీ చెకప్పు ఉందని చెబితే అల్లుడు ఇంకేమీ అడగడు. పేరు పెట్టే వేడుక తాను ఫోన్లో చూస్తుంది.

బాల్కనీలో బట్టల బకెట్ బోర్లించి ఉంటే దాని మీద కూర్చుంది. కాళ్ల దగ్గర స్టీలు గిన్నె ఉంది. నీళ్లలో మూడు పిల్లలూ ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి, చిన్న చిన్న తాళ్లు నీళ్లలో తేలుతున్నాయి. చచ్చిపోయినవే. నాలుగైదు రోజులు ఐసులో ఉన్నవి. అయినా ఆమె వంగి వాటిని చూసింది. మొప్పలు బిగించుకుని, తోకలు దగ్గరికి చుట్టుకుని, ఏ ఒక్కటీ కదలడం లేదు.

కమల బకెట్ ఎత్తుకుని వెళ్లి, అవతలి మూలకు జరిగి కూర్చుంది.